గరిటె ముట్టని యాత్ర

జగదల్‌పూర్ నుంచి కొండలు దిగి, సముద్రం ఒడ్డు పట్టుకుని నెల్లూరు దాకా ఏ ఊళ్ళో ఏ పూట ఏం తినాలో నాకు తెలిసినంతగా ఈ దేశంలో మరొకరికి తెలియదు. ఇరవై రెండు మజిలీలు వేశాను. ఇరవై రెండు చోట్లా వేడివేడిగా, ఆకు నిండా, మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నాను. ఒక్క పూట పస్తు లేదు. ఒక్క చోట కడుపు చెడలేదు. నా ఏర్పాటు అలాంటిది.

ఈ పేరా రాయగానే మా ఆవిడ సత్యవతికి చదివి వినిపించాను. ఆవిడ చింతపండులో గింజలు తీస్తోంది. చెయ్యి ఆపి నా వైపు చూసింది. మళ్ళీ గింజలు తీయసాగింది.

అందుకని కొంచెం తగ్గిస్తున్నాను. నెల్లూరు కాదు, కాకినాడ పక్కనున్న ఉప్పాడ. మజిలీలు అయిదో ఆరో. పస్తు సంగతీ కడుపు సంగతీ దారిలో వస్తాయి. నాలాగా వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి, వెళ్ళినప్పుడు నాలాగా వెళ్ళకుండా ఉండడానికైనా ఇది పనికొస్తుంది.

గుమ్మంలో

నేను కిరండూల్ లైన్లో గూడ్సు గార్డుగా చేసి రిటైరై, జగదల్‌పూర్లోనే ఉండిపోయాను. ఇనుప రాయి మోసే బండ్లు మావి. ఆ రోజుల్లో లైన్ క్లియర్ దొరక్కపోతే బండి ఏదో ఒక అడవి స్టేషన్లో పూటంతా నిలబడిపోయేది. అక్కడ టీ చుక్క కూడా దొరికేది కాదు. అందుకని లైన్లో గార్డుల పెళ్ళాలందరికీ క్యారియర్ కట్టడం ఒక ఉద్యోగం. మొగుడు ఎక్కడ ఇరుక్కున్నాడో కనుక్కుని, అటు వెళ్ళే బండి గార్డు చేతికి క్యారియర్ ఇచ్చి పంపేవాళ్ళు. నా క్యారియర్ నాకంటే ఎక్కువ దేశం తిరిగింది. ఒకసారి అది నన్ను దాటిపోయి కోరాపుట్ చేరింది. అక్కడ ఎవరో పుణ్యాత్ముడు తినేసి, శుభ్రంగా కడిగి, లోపల రెండు అరటిపళ్ళు పెట్టి వెనక్కి పంపాడు.

అలా బతికినవాళ్ళకి ప్రయాణమంటే ముందు వంట, తర్వాత బండి. సత్యవతి చేతిలో క్యారియర్ లేకుండా గుమ్మం దాటడం నేను ఎన్నడూ చూడలేదు. విశాఖపట్నంలో మా అక్క ఇంటికి పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ ఎన్నోసార్లు వెళ్ళాం. దిగగానే క్యారియర్ వంటింట్లో పెట్టి, దాని వెనకే ఆవిడ కూడా వంటింట్లోకి పోయేది. ఆ వంటింటి కిటికీలోంచి రెండు మేడల మధ్య జానెడు సముద్రం కనిపిస్తుంది. ఇన్నేళ్ళలో సత్యవతి చూసింది ఆ జానెడే.

"ఈసారి ఒడ్డుకెళ్ళి చూస్తాను," అంది ఒక రోజు. "ఉత్త చేతుల్తో."

"చూద్దువుగాని, ఎవరొద్దన్నారు?"

"గుమ్మం దాటింది మొదలు మళ్ళీ గుమ్మం ఎక్కేదాకా గరిటె ముట్టను. ముట్టాల్సొచ్చిందా, అక్కడికక్కడే బండి తిప్పించెయ్యి. సముద్రమూ వద్దు, ఏటీ వద్దు. ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. సత్యవతి నా మేనమామ కూతురు. నన్ను చిన్నప్పటి నుంచి 'నువ్వు' అనే పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం 'గార్డుగారూ' అంటుంది. ఒట్టు వేయించుకునేటప్పుడు 'నువ్వు' అంది కాబట్టి తేలిగ్గా తీసుకున్నాను.

తిండి ఏర్పాటు నాది. బస్తర్లో దారి పక్క హోటళ్ళలో దొరికేది సమోసా, పోహా, నిన్నటి నూనె. అసలైన తిండి సంతలో దొరుకుతుంది. ఒక్కో ఊరికి వారానికో రోజు సంత. అందుకని దర్భా, తోంగ్‌పాల్, సుక్మా, దోర్నపాల్, కోంటా అనుకుంటూ ఏ రోజు ఎక్కడ సంతో ఆ రోజు అక్కడ దిగేట్టు టైమ్‌టేబుల్ వేశాను. సుక్మాలో ఒక్కచోట మాత్రం తెలుగు హోటల్ పెట్టాను. మా బావమరిది సింహాచలం దాన్ని చూసి, "బావా, రైళ్ళు కూడా ఇంత పక్కాగా నడవవు," అన్నాడు. నిజమే. అవి నడవలేదు, ఇదీ నడవలేదు.

సింహాచలం సత్యవతి తమ్ముడు. నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీకి మనుషుల్ని దింపే తెల్ల బొలేరో అతనిది. మా యాత్ర దాంట్లోనే కాబట్టి, వారం రోజులు ఫ్యాక్టరీ మనుషుల్ని దింపడానికి వేరే బండితో ఒక మనిషిని బదులు పెట్టుకున్నాడు. బయల్దేరే రోజు పొద్దున్న ఆ మనిషికి జ్వరం వచ్చింది. మేం ఒక రోజు ఆలస్యంగా కదిలాం.

దర్భా: నిన్నటి సంత

ఒక రోజు ఆలస్యమైతే దర్భాలో ఆగకుండా నేరుగా తోంగ్‌పాల్ పోవాలి. అక్కడ ఆ రోజే సంత. ఈ మాట సత్యవతి అంది, సింహాచలం అన్నాడు, చివరికి డీజిలు పోసినవాడు కూడా అన్నాడు. కానీ గార్డుకి రాసి ఉన్న స్టేషన్ వదిలేసే అలవాటు ఉండదు. పైగా సంత మర్నాడు కూడా ఏదో ఒకటి మిగిలి ఉంటుందని నా అంచనా.

మిగిలింది. పందిళ్ళ గుంజలు, తొక్కేసిన ఆకు దొన్నెలు, కోడి పందెం జరిగినచోట ఎర్రగా కొన్ని ఈకలు, ఉప్పు ఒలికినచోట నేల నాకుతున్న ఒక మేక. సంత లేచిపోయిన మర్నాటి నేల ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. పెళ్ళివారు వెళ్ళిపోయాక విడిది ఇల్లు ఇంతకంటే సందడిగా ఉంటుంది.

ఒక ముసలమ్మ మాత్రం చిరిగిపోయిన గొడుగు కింద కూర్చుని ఉంది. ఆమె సొరబుర్ర పక్కన పెట్టుకుంది.

"కల్ థా బాబా," అంది నన్ను చూసి. "బజార్ కల్ థా." సంత నిన్ననేనట.

"తెలుసమ్మా," అన్నాను హిందీలో.

"తెలిసే వచ్చావా?" అంది. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసిన చూపు అనువదించడానికి నా దగ్గర మాటల్లేవు.

ఆమె సొరబుర్రలో మండియా పేజ్ ఉంది. అంటే చోళ్ళ గంజి. రాత్రి పులియబెట్టి చల్లగా తాగుతారు. మా బొబ్బిలి వైపు చోడంబలి లాంటిదే, కాకపోతే ఇది పులుపులో అన్నగారు. అది ఆమె తన కోసం తెచ్చుకున్నది. పది రూపాయలు తీసుకుని దొన్నె నిండా పోసింది. నేను నాలుగు దొన్నెలు గటగటా తాగేశాను.

సగం దొన్నె. మిగతా సగం ఎవరూ చూడకుండా మేక ముందు పెట్టాను.

"గార్డుగారూ," అంది సత్యవతి బండిలోంచి. "మీ టైమ్‌టేబుల్లో మేక ఎక్కడుంది?"

తోంగ్‌పాల్: లేస్తున్న సంత

మేకకి పేజ్ పెట్టి, పకోడీల బండి దగ్గర వాటి కోసం నిలబడి, అవి వేగేలోగా సింహాచలం చక్రాల్లో గాలి చూపించుకుని, ఘాటు దిగి తోంగ్‌పాల్ చేరేసరికి పొద్దు వాలిపోయింది. ఇక్కడ సంతలు చీకటి పడేదాకా ఉండవు. అడవి దారిన నడిచి ఇంటికి చేరాలి కదా. గంపలు నెత్తికెత్తుకుంటున్నారు. కోళ్ళను తలకిందులుగా పట్టుకుని నవ్వుకుంటూ పోతున్నారు. మేం ఎదురు వెళుతుంటే వాళ్ళంతా దారి ఇచ్చి, అయ్యో పాపం అన్నట్టు చూశారు.

ఒక అమ్మాయి దగ్గర మాత్రం చాపడా రెండు దొన్నెలు మిగిలాయి. ఎర్ర చీమల్ని గుడ్లతో సహా, మిరపకాయా ఉప్పూ వేసి నూరిన పచ్చడి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఈ పచ్చడి తినడానికి గుండె ధైర్యం కావాలి. నేను ఒక దొన్నె మొత్తం ఊదేసి, రెండోదాని కోసం చెయ్యి చాపాను.

ఇది కూడా కొంచెం తగ్గించాలి. చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. నిమ్మకాయలో సూదులు గుచ్చినట్టుంది. ఆ తర్వాత కాసేపు నా మాట నాకే అర్థం కాలేదు. దొన్నె మొత్తం తిన్నది సింహాచలం. అతను నగర్‌నార్లో లోడింగ్ కుర్రాళ్ళతో కలిసి మధ్యాహ్నం తింటాడు, అలవాటైపోయింది. "బావా, చీమ నిన్ను కరిచిందా, నువ్వు చీమని కరిచావా?" అని సుక్మా దాకా ఆ ఒక్క ప్రశ్న మీదే బండి నడిపాడు.

సత్యవతి పకోడీ ముక్క మీద కొంచెం వేసుకుని తింది. బాగుందంది. "ఎవరో నూరి పెట్టారు, అందుకే బాగుంది," అంది.

సుక్మా: తెలుగు హోటల్

నా టైమ్‌టేబుల్లో సరిగ్గా వేళకి చేరింది ఈ ఒక్క మజిలీకే. భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఒకాయన నడుపుతున్నాడు. మెల్లగా గళ్ళ లుంగీ సర్దుకుంటూ వచ్చి, "ఏంగావాలె?" అన్నాడు. అన్నం, పప్పు, వంకాయ కూర, పులుసు. గళ్ళ స్టీలు పళ్ళెంలో అన్నీ ఒకేసారి వేసి ఠంగుమని పెట్టి వెళ్ళిపోయాడు.

సత్యవతి చీర చెంగు సర్దుకుని, బాసింపట్టు వేసుకున్నంత నిదానంగా కూర్చుంది. తన ముందు ఇంకొకరు పెట్టిన పళ్ళెం. పప్పు కలుపుకుంది. తింది. అన్నం అయిపోయింది. పళ్ళెం ముందు చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుంది. మా ఇళ్ళల్లో ఆకు ఖాళీ అవుతుండగానే గరిటె వచ్చి పైన నిలబడుతుంది. వద్దంటాం. ఒక ముద్ద అంటారు. చెయ్యి అడ్డు పెడతాం. వేళ్ళ సందుల్లోంచి వేసేస్తారు. ఆ గొడవంతా అయితేగానీ మనకి భోంచేసినట్టు కాదు.

హోటలాయన దూరంగా ఫోను చూసుకుంటున్నాడు. సత్యవతి కాసేపటికి లేచి చెయ్యి కడుక్కుంది.

డబ్బులిస్తూ నేను ఆయనతో అన్నాను, "మా ఆవిడ ఇంకో ముద్ద తినేది. మీరు అడగలేదు."

"నేనెందుకడుగుత?" అన్నాడు, కోపం లేకుండానే. "ఈడ ఎవల కడుపు వాళ్ళకెర్క. గావాలంటే అడగాలె. అడిగితే పెడత, పైసల్ గూడ తీసుకోను."

బండెక్కాక సత్యవతి అద్దం దించి బయటికి చూసింది. "నాకు అడగడం రాదు," అంది. అది ఆయన మీద ఫిర్యాదులా అనిపించలేదు.

దోర్నపాల్‌కి ఇవతల: మా పక్క నుంచే పోయిన సంత

మర్నాడు దోర్నపాల్ సంత. నా టైమ్‌టేబుల్లో పెద్ద భోజనం అదే. నాటుకోడి, వేడి గారెలు, చెరుకు, అన్నీ రాసి పెట్టుకున్నాను. దారిలో భద్రతా దళాల క్యాంపు ముందు జవాను బండి ఆపి, ఆధార్ కార్డులు చూసి, "కహాఁ జా రహే హో?" అని అడిగాడు. "ఖానే," అన్నాను, తినడానికని. అతను కార్డులో నా వయసు మళ్ళీ ఒకసారి చూసి పంపించేశాడు.

అక్కడి నుంచి కొంచెం దూరం వెళ్ళగానే క్లచ్ పోయింది. సింహాచలం బండి కింద దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, "సామాను సుక్మా నుంచి రావాలి. రేపు పొద్దున బస్సుకి వస్తాది," అన్నాడు.

దారి పక్క నాలుగైదు ఇళ్ళు. అవి దొర్ల అనే గిరిజనులవి. అక్కడ మనతో తెలుగు, హిందీవాళ్ళతో హిందీ, తమలో తాము దొర్లీ, అన్నీ ఒకే గుక్కలో మాట్లాడతారు. మొదటి ఇంటి ముందు ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. వాసనకే సగం మత్తెక్కేట్టుంది. ఆ ఇల్లు ముత్తమ్మ, లచ్చయ్యలది. ముత్తమ్మ మమ్మల్ని చూసి మంచం వాల్చి, ముందు చెంబుతో నీళ్ళిచ్చింది.

"బండి చెడిందా? ఎండల యాడ నిలబడ్తరు, ఈడ కూసోండ్రి," అంది.

కాసేపటికి వంటింట్లోంచి కుండతో అన్నం, చిన్న దాకలో కూర తెచ్చి మా ముందు దింపింది. "తింటరా?"

ఆకలితో నా పొట్ట అప్పటికే మాట్లాడుతోంది. కానీ ముందు మాట ఆడవాళ్ళది కదా. సత్యవతి రెండు చేతులూ అడ్డం పెట్టి, "అయ్యో, వద్దమ్మా, ఇప్పుడే తిన్నాం," అంది. మన మర్యాద అది. మొదటిసారి వద్దనాలి, రెండోసారి నసగాలి, మూడోసారి తినాలి.

ముత్తమ్మ తలూపింది. కుండ ఎత్తుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

మేం ముగ్గురం ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. కుండ రెండోసారి రాలేదు. సింహాచలం వాళ్ళక్కతో చాలా నెమ్మదిగా, "ఒక్కసారి మాత్రమే వద్దన్నావు కదక్కా, ఇంకా రెండుసార్లు బాకీ ఉంది," అన్నాడు. సత్యవతి వాడి వైపు చూసిన చూపుకి ఇప్పపువ్వు ఇంకొంచెం ఎండింది.

మధ్యాహ్నం గడిచింది. దోర్నపాల్ వైపు నుంచి జనం రావడం మొదలైంది. గంపలు, కొత్త బక్కెట్లు, గాజులు, ఆకుల్లో చుట్టిన గారెలు. నా పెద్ద భోజనం నడిచి నా ముందు నుంచే ఇంటికి పోతోంది. ఒకతను గారె కొరుకుతూ నాకు నమస్తే పెట్టాడు.

పొద్దు వాలేవేళ ముత్తమ్మ చాటలో బియ్యం, గుప్పెడు ఎండు చేపలు, చింతపండు, మిరపకాయలు తెచ్చి సత్యవతి ముందు పెట్టింది.

"మధ్యానం ఒద్దంటిరి," అంది. "మా చేతిది మీరు తినరేమో అనుకున్న. కొందరు తినరు, మాకెర్కే. బియ్యమైతే బియ్యమే గద. పొయ్యి బయట ఎలిగిస్త, మీ చేత్తోని మీరే వండుకోండ్రి."

ఇన్నేళ్ళలో సత్యవతి మొహం అలా పాలిపోవడం నేను రెండు మూడుసార్లే చూశాను. "అది కాదమ్మా," అంది. "అది కాదు..." ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? మేం ఆకలితో ఉండి అబద్ధమాడామనీ, అది మర్యాదనీ, మీరు బతిమాలి ఉంటే తినేవాళ్ళమనీ ఎలా చెబుతారు?

ముత్తమ్మ జంట పొయ్యి వెలిగించింది. దాని పక్కన కొబ్బరి చిప్ప గరిటె పెట్టింది.

అందరం ఆ గరిటె వైపు చూశాం. సత్యవతి ముట్టుకుంటే ఒట్టు ప్రకారం రేపు బండి బాగయ్యాక సుక్మా వైపే తిరగాలి. జానెడు సముద్రం జానెడుగానే ఉండిపోతుంది.

"తప్పుకోండి," అన్నాను లేచి. "నేను వండుతాను."

పులుసు

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. బండి చివర గార్డుండే బ్రేకు వ్యాన్లో బొగ్గుల కుంపటి మీద కోడి పులుసులు వండేవాడినని నలభయ్యేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. నేను ఆ కుంపటి మీద చేసింది సత్యవతి క్యారియర్ వేడి చేసుకోవడం ఒక్కటే. అది కూడా ఒకటి రెండుసార్లు మాడ్చాను.

కానీ ఇక మీదట చెప్పబోయే పులుసు సంగతి మాత్రం అక్షరం కూడా పెంచలేదు. దర్భా దగ్గర పెంచాను, తోంగ్‌పాల్ దగ్గర పెంచాను. ఇది ఉన్నదున్నట్టు.

అన్నం పొయ్యి మీద పెట్టాను. అది ఉడుకుతుండగా రెండో పొయ్యి మీద చింతపండు పిసికి పోసి, మిరపకాయలు తుంచి, ఎండు చేపలు వేశాను. సత్యవతి మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చూస్తోంది.

"గార్డుగారూ, చేపలు కడిగారా?"

"కడగాలా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. లచ్చయ్య తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు.

"ఉప్పేశావా బావా?" అన్నాడు సింహాచలం.

"రెండుసార్లు వేశాను."

ఇంకొంచెం నీళ్ళు పోసి, మంట తగ్గించి, రుచి చూశాను. బాగానే ఉంది. చాపడా తర్వాత నా నాలుకకి ఏదైనా బాగానే ఉంటుందేమో గానీ, బాగానే ఉంది. అప్పుడు సింహాచలం, "పులుసు సన్నటి సెగ మీద దానంతటదే దగ్గర పడతాది బావా. ఈలోగా లచ్చయ్య గారి పందెం కోడిని చూద్దువుగాని రా," అన్నాడు. కోళ్ళ మీద అతనికి అంత భక్తి ఉందని నాకు అంతకుముందు తెలియదు. లచ్చయ్య కూడా ఉత్సాహంగా లేచాడు.

కోడి గొప్పదే. ఇంటి వెనక గూటిలో కాలికి తాడుతో, ఊళ్ళో పెద్దమనిషిలా నిలబడి ఉంది. "దీనికి పేరుందా?" అని అడిగాను.

"కోడికి పేరేంది? గెలిస్తే కోడి, ఓడితే కూర," అన్నాడు లచ్చయ్య. దాని తాతల నుంచి, అది ఓడించిన కోళ్ళ నుంచి, దానికి పెట్టే గింజల నుంచి మొదలుపెట్టి చాలాసేపు చెప్పాడు. నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళబోతే సింహాచలం రెండుసార్లూ కొత్త ప్రశ్న వేశాడు.

తిరిగి వచ్చేసరికి పులుసు వాసన దారి దాకా వచ్చింది. సన్నటి సెగ ఎంత పని చేస్తుందో మీరు నమ్మరు. నేను వెళ్ళేటప్పుడు నీళ్ళలా ఉన్నది ఇప్పుడు గరిటెకి అంటుకుంటోంది. నూనె పైకి తేలింది. చేప విరగలేదు. నేను వేసినట్టు గుర్తులేని వెల్లుల్లి కూడా తగిలింది. సత్యవతి మంచం మీద అలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. పక్కన ముత్తమ్మ కూర్చుని ఉంది. ఇద్దరూ దేనికో నవ్వి అప్పుడే ఆపినట్టున్నారు. సత్యవతి కళ్ళు పొగకి ఎర్రగా ఉన్నాయి. గాలి అటు తిరిగి ఉంటుంది.

అందరం కలిసే తిన్నాం. ముత్తమ్మ మధ్యాహ్నం కూర కూడా తెచ్చి మధ్యలో పెట్టింది. సత్యవతి అది ముందు వేయించుకుంది, వద్దనకుండా.

వడ్డించింది నేను. మా పెళ్ళయ్యాక మా ఆవిడ ఆకులో నేను అన్నం వేయడం అదే మొదలు. పులుసు పోశాను. తింది. ఆకు ఖాళీ అయింది. గరిటె పైన పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యనా?" అన్నాను.

"చాలు," అంది అలవాటుకొద్దీ.

ఆ ఇంటి పద్ధతి అప్పటికి నాకు ఒంటబట్టింది. గరిటె వెనక్కి తీసుకున్నాను.

సత్యవతి నా చేతి వైపు చూసింది. ముత్తమ్మ వైపు చూసింది. "వెయ్యి," అంది. వేశాను. "ఇంకొంచెం," అంది. మళ్ళీ వేశాను. లచ్చయ్య చెయ్యి చాచి, "నాకు గూడ పొయ్యండ్రి, పులుసు మంచిగుంది," అన్నాడు. ఎవరి మెప్పయినా అనుమానించవచ్చుగానీ, అడిగి వేయించుకున్నవాడి మెప్పు అనుమానించకూడదు.

ఈ పులుసు గురించి నేను ఇక్కడ ఇంత రాయడానికి కారణం ఒకటే. ఆ పూట నేను వండకపోయి ఉంటే మా యాత్ర అక్కడితో సరి.

ఉప్పాడ: జానెడు కానిది

మర్నాడు బస్సులో క్లచ్ వచ్చింది. ముత్తమ్మకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. సత్యవతి తన సంచిలోంచి ఒక జాకెట్టు గుడ్డ తీసి ఇచ్చింది. ఆమె ఒక్కసారి కూడా వద్దనకుండా తీసుకుంది. కోంటా సంత ఆ రోజే. కానీ అక్కడ ఆగుదామని నేను అనలేదు. టైమ్‌టేబుల్ జేబులో మడిచి పెట్టుకున్నాను. శబరి దాటి, చింతూరు, మారేడుమిల్లి ఘాట్లు దిగి, ఎక్కడ ఆకలేస్తే అక్కడ ఆగాం. మారేడుమిల్లిలో వెదురు బొంగులో కోడి తిన్నాం. నాకు కడుపు చెడింది. రాజమండ్రి దాకా ఆ సంగతే ముఖ్యమైంది కాబట్టి దారిలో చెట్ల గురించి ఏమీ రాయలేను.

ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డు మీదకే వచ్చేస్తుంది. ఒడ్డున రేకుల కప్పు కింద ఒకామె చేపల పులుసుతో అన్నం పెడుతోంది. సత్యవతి కూర్చుంది. ఆకు ఖాళీ అవుతుండగానే గరిటె వచ్చి పైన నిలబడింది.

"ఇంకో ముక్క వేసుకోండమ్మా."

"చాలమ్మా, చాలు."

"చాలేటి, ఇంత దూరం వచ్చి," అంటూ వేళ్ళ సందుల్లోంచి వేసేసింది.

సత్యవతి నవ్వింది. తర్వాత చెయ్యి కడుక్కుని ఒడ్డు దాకా వెళ్ళింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నడుము మీద, కాసేపు వెనక, కాసేపు పక్కకి వదిలేసి నిలబడింది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తల తిప్పి చూసింది. చీర అంచు తడిసింది, పట్టించుకోలేదు.

"నెల్లూరు దాకా ఇలాగే ఉంటుంది," అన్నాను పక్కకెళ్ళి.

"చాలు," అంది. ఆ చాలు నిజం చాలు. అక్కడి నుంచి వెనక్కి తిరిగాం.

మళ్ళీ గుమ్మంలో

ఇదంతా రాసి సత్యవతికి మొదటి నుంచి చదివి వినిపించాను. మేక దగ్గర నవ్వింది. చాపడా దగ్గర నవ్వింది. పులుసు దగ్గరికి వచ్చేసరికి గింజలు తీయడం ఆపేసింది.

"మిగతావి నీ ఇష్టం," అంది. "ఆ పులుసు నీది కాదు."

"అదేమిటి?"

"నువ్వు వండింది ముత్తమ్మ కుక్కకి పోసింది. అది వాసన చూసి ఎలిపోయింది. నీకు కోడిని చూపించమని సింహాచలాన్ని పంపింది నేనే. నువ్వు అటెళ్ళగానే ముత్తమ్మ పొయ్యి దగ్గర కూచుని, మధ్యాహ్నం వద్దన్న కూర రెండు ముద్దలు తిని, కుండ కడిగి, మళ్ళీ పెట్టాను. వెల్లుల్లి ఆవిడిచ్చింది."

"మరి గరిటె?"

"గరిటెతో కాక కాలుతున్న పులుసు చేత్తో కలుపుతారేటి?"

"ముడితే బండి తిప్పాలని ఒట్టు వేయించుకున్నావు కదే."

"ఒట్టేసింది నువ్వు, నేను కాదు. చెప్పుంటే తిప్పేసుందువు. నాకు సముద్రం చూడాలనుంది." చింతపండు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "నీ పేరు కొట్టేసి నా పేరు రాయి. ముత్తమ్మ పేరు కూడా రాయి. పైన పెట్టిన ఆ పేరేటి, గరిటె ముట్టనిదా? అది నీకు సరిపోతాది, ఉంచుకో."